పియొనీ పూయడం లేదా? ముందు లోతు చూడండి

పియొనీ అనే ఈ పూలమొక్క గురించి అడిగేవాళ్ళు ఎక్కువమంది అడిగేది ఒకే సంగతి. "మొక్క బాగానే ఉంది, ఆకులు నిగనిగలాడుతున్నాయి, మూడేళ్ళయినా ఒక్క పువ్వు లేదు, ఏ ఎరువు వేయాలి?" ఎరువు సంగతి తర్వాత. పూయని పియొనీల్లో చాలావాటికి ఉన్న జబ్బు ఒకటే: దుంపను లోతుగా పాతేశారు. నాటిన రోజు రెండు అంగుళాలు ఎక్కువ లోతుకు వెళితే, ఆ తర్వాత ఎన్ని సేవలు చేసినా అది ఆకులే ఇస్తుంది. అందుకే ఇక్కడ నాటడం గురించే ఎక్కువ చెప్తాను. సరిగ్గా నాటిన పియొనీకి ఆ తర్వాత పెద్దగా పని ఉండదు. ఒకేచోట యాభై ఏళ్ళు, అంతకు మించి కూడా పూస్తుంది.

ముందు తేల్చుకోవాల్సింది: మీ దగ్గర చలి ఉందా?

పియొనీ చలిదేశపు మొక్క. చలికాలంలో సుమారు రెండు నెలల పాటు ఉష్ణోగ్రత 0 నుంచి 7 డిగ్రీల మధ్యనో, ఇంకా కిందనో ఉండాలి. ఆ చలి తగిలితేనే దుంప నిద్ర లేచి మొగ్గలు ఇస్తుంది. మంచు కురవక్కర్లేదు, చలి చాలు. శీతాకాలం రాత్రిళ్ళు కూడా 15 డిగ్రీలకు దిగని చోట మీరు ఉంటే ఈ మొక్క కొనకండి. ఫొటోలు చూసి ఆశపడి ఆన్‌లైన్‌లో దుంప తెప్పించుకుంటే ఒక సీజన్ నాలుగు ఆకులు వేసి, వేసవికి నీరసించిపోతుంది.

"కుండీలో పెట్టి, చలికాలంలో ఫ్రిజ్‌లో ఉంచితే?" అని కూడా అడుగుతారు. శీతల గదులున్న పెద్ద పూలతోటల వాళ్ళు ఇలాంటి పని చేస్తారు. ఇంటి ఫ్రిజ్‌లో రెండు నెలలు మట్టి కుండీకి చోటివ్వడం ఒక సమస్య, పక్కన మగ్గే పళ్ళ నుంచి వచ్చే ఇథిలీన్ వాయువు మొగ్గలను పాడుచేయడం ఇంకో సమస్య. పైగా ఆ తర్వాత వచ్చే ఎండాకాలాన్ని ఫ్రిజ్ ఆపలేదు. నా మాట వింటే వద్దు.

కావలసినవి

- మూడు నుంచి అయిదు కళ్ళున్న (కాడలు పుట్టే మొగ్గలున్న) పియొనీ దుంప
- రోజుకు కనీసం ఆరు గంటల ఎండ, నీరు నిలవని నేల
- పార, బాగా మాగిన కంపోస్టు
- ఒక తిన్నని కర్ర, ఒక స్కేలు (ఈ రెండూ మర్చిపోవద్దు, వీటితోనే అసలు పని)
- మొక్క చుట్టూ నిలబెట్టే తీగ రింగు లేదా నాలుగు కర్రలు, పురికొస
- పదునైన కత్తెర, దాన్ని తుడవడానికి స్పిరిట్

1. రకం ఎంచుకోండి

పియొనీల్లో మూడు తెగలు ఉన్నాయి. ఏది కొంటున్నారో తెలియకపోతే లోతు కూడా తెలియదు, కాబట్టి ఇది కొంచెం ఓపిగ్గా చదవండి.

మొదటిది హెర్బేషియస్ అని అమ్మేది. చలికాలంలో పైభాగమంతా ఎండిపోయి, వసంతంలో నేలలోంచి ఎర్రటి పిలకలతో మళ్ళీ మొలుస్తుంది. తొలిసారి పెంచేవాళ్ళకు ఇదే మంచిది. ఫ్రాన్స్‌లో 1851లో వచ్చిన 'ఫెస్టివా మాక్సిమా', 1906లో వచ్చిన 'సారా బెర్న్‌హార్ట్' నేటికీ తోటల్లో పూస్తున్నాయి.

రెండోది ట్రీ పియొనీ. పేరుకు చెట్టే గానీ నిజానికి గట్టి కొమ్మలున్న పొద. చైనాలో లువోయాంగ్ నగరం ప్రసిద్ధి కెక్కింది ఈ పూలతోనే. దీని కొమ్మలు చలికాలంలో చావవు, ఆకులు మాత్రమే రాలుతాయి.

మూడోది ఇటో. జపాన్‌లో తోయిచి ఇటో అనే ఆయన 1948లో పై రెండు తెగలనూ కలిపి సాధించిన సంకరం. ఆ మొక్కలు పూసేనాటికి ఆయన బతికి లేరు. కాడలు గట్టిగా ఉంటాయి, ఆధారం కట్టే పని దాదాపు ఉండదు. పసుపు రంగు 'బార్ట్‌జెల్లా' ఈ తెగదే. ధర ఎక్కువే, కానీ కర్రలు పాతడం విసుగనుకునేవాళ్ళకు ఇదే సరైనది.

చలి తక్కువ, వేసవి త్వరగా వచ్చే ప్రాంతమైతే తొందరగా పూసే రకాలూ, రెక్కలు తక్కువున్న ఒంటి రేకు రకాలూ తీసుకోండి. ముద్దగా ఉండే ఆలస్యపు రకాల మొగ్గలు ఎండ ముదిరాక విచ్చుకోలేక అలాగే ఎండిపోతాయి.

విత్తనాల జోలికి వెళ్ళకండి. గింజ ముందు వెచ్చదనంలో వేరు వేసి, తర్వాత ఒక చలికాలం గడిస్తేనే పైకి మొలుస్తుంది. పువ్వు చూడ్డానికి ఇంకో మూడు నుంచి అయిదేళ్ళు. పైగా తల్లి మొక్క పువ్వే వస్తుందన్న హామీ లేదు.

2. దుంపను పరీక్షించండి

దుంప చేతికి రాగానే పైభాగాన్ని వెలుతురులో తిప్పి చూడండి. గోధుమరంగు లావు వేర్లు కలిసే చోట, గులాబీ ఎరుపులోనో, తెలుపు కలిసిన ఎరుపులోనో కోసుగా పొడుచుకొచ్చిన మొగ్గలు కనిపిస్తాయి. అవే కళ్ళు. వచ్చే ఏడాది కాడలు వీటిలోంచే వస్తాయి. మూడు కంటే తక్కువుంటే మొక్క బతుకుతుంది గానీ పూలకు ఇంకా ఒకటి రెండేళ్ళు ఎక్కువ ఆగాలి. చవగ్గా దొరికే ఒంటి కన్ను ముక్కల విషయంలో మీరు నిజంగా చెల్లించేది ఆ ఏళ్ళే.

వేరును వేలితో నొక్కండి. గట్టిగా ఉండాలి. మెత్తగా దిగిపోయి వాసన వస్తే కుళ్ళింది. ఆ భాగాన్ని మంచి కండ కనిపించే దాకా కోసేయండి. కాస్త వడలినట్టుంటే ఒకటి రెండు గంటలు నీళ్ళలో ఉంచితే తేరుకుంటుంది. ఈ వేర్లు పెళుసుగా ఉంటాయి, కన్ను తేలిగ్గా ఊడుతుంది. పెట్టెలోంచి తీసేటప్పుడు లాగకండి.

3. సమయం: శరదృతువు

ఉత్తరార్ధగోళంలో సెప్టెంబర్, అక్టోబర్ నెలలు. దక్షిణాన మార్చి నుంచి మే. నేల గడ్డకట్టడానికి ఆరు వారాల ముందు నాటగలిగితే సన్నని వేర్లు పట్టుకుంటాయి.

వసంతంలో కుండీ మొక్క దొరికితే నాటొచ్చు, కాకపోతే వేర్ల చుట్టూ ఉన్న మట్టిని కదపకుండా. వసంతంలో ఉత్త దుంప నాటితే ఒక ఏడాది వెనకబడుతుందని ముందే అనుకోండి.

4. చోటు

ఉదయం ఎండ తప్పనిసరి. వేడి ప్రాంతాల్లో మధ్యాహ్నం తర్వాత కాస్త నీడ పడితే పువ్వు రంగు నిలుస్తుంది. పెద్ద చెట్లకు దూరంగా ఉండాలి, వాటి వేర్లతో పియొనీ పోటీ పడలేదు. మొక్కకూ మొక్కకూ మూడు నుంచి నాలుగు అడుగుల ఎడం వదలండి. మొదట్లో ఆ ఖాళీ వెలితిగా అనిపిస్తుంది, గాలి ఆడటానికి అది కావాలి.

నీరు నిలుస్తుందా అన్నది ఇలా చూడండి: అడుగు లోతు గుంత తీసి నీళ్ళతో నింపండి. ఇంకిపోయాక మళ్ళీ నింపండి. రెండోసారి పోసిన నీళ్ళు కొన్ని గంటల్లో దిగిపోతే సరే. మర్నాటికీ గుంతలో కనిపిస్తే ఆ చోటు వదిలేయండి, లేదా అడుగు ఎత్తున మట్టి పోసి మడి కట్టి అందులో నాటండి. పియొనీ చలికి చావదు, కాళ్ళ కింద నీళ్ళుంటే చస్తుంది.

5. గుంత

అడుగున్నర నుంచి రెండు అడుగుల వెడల్పు, అంతే లోతు. తవ్విన మట్టిలో కంపోస్టు కలపండి. నేల మరీ ఆమ్లంగా ఉంటే కొద్దిగా సున్నం పొడి కలపాలి, పీహెచ్ 6.5 నుంచి 7 మధ్య ఉంటే దీనికి హాయి. పచ్చి పేడ ఎట్టి పరిస్థితిలోనూ వద్దు, దుంప కుళ్ళుతుంది.

ఇక్కడే ఒక తప్పు జరుగుతుంది. గుంతను వదులు మట్టితో నింపి, వెంటనే దుంప పెట్టి, కొలిచి, తృప్తిగా లేచి వెళ్ళిపోతారు. రెండు వానలకు ఆ మట్టి కుంగుతుంది, దుంప దానితోపాటే కిందికి దిగుతుంది. అందుకని గుంతను ముప్పాతిక దాకా నింపి, నీళ్ళు పోసి, వీలైతే నాలుగైదు రోజులు వదిలేయండి. అంత ఓపిక లేకపోతే పొరలు పొరలుగా పోస్తూ కాలితో అదమండి.

6. లోతు కొలవండి

గుంత మధ్యలో మట్టిని చిన్న దిబ్బగా చేసి, దాని మీద దుంపను కళ్ళు పైకి, వేర్లు కిందికీ పక్కలకీ ఉండేలా కూర్చోబెట్టండి. కర్రను గుంతకు అడ్డంగా, రెండు అంచులూ నేల మీద ఆనేలా పెట్టండి. అన్నింటికన్నా పైనున్న కంటి కొన నుంచి కర్ర దాకా స్కేలుతో కొలవండి.

- హెర్బేషియస్: ఒకటి నుంచి రెండు అంగుళాలు, అంటే 2.5 నుంచి 5 సెంటీమీటర్లు. చలి తక్కువున్న చోట అంగుళం మించొద్దు.
- ఇటో: సుమారు రెండు అంగుళాలు.
- ట్రీ పియొనీ: దీని లెక్క తలకిందులు. సాధారణంగా వీటిని హెర్బేషియస్ దుంప మీద అంటుకట్టి అమ్ముతారు. అంటు అతుకు నేలకు నాలుగు నుంచి ఆరు అంగుళాల కింద ఉండాలి. అప్పుడు పై కొమ్మ సొంత వేర్లు వేసుకుంటుంది.

కొలత సరిపోతే చేత్తో మట్టి కూరండి. కళ్ళ దగ్గర కాలితో తొక్కకండి, విరుగుతాయి. నిండా నీళ్ళు పోయండి. నీరు ఇంకాక కర్ర పెట్టి మళ్ళీ కొలవండి. దిగినట్టనిపిస్తే ఇప్పుడే పైకి ఎత్తండి. వచ్చే ఏడాది చూద్దాంలే అనుకుంటే అప్పటికి వేర్లు పట్టేసి ఉంటాయి.

కుండీలోనే పెంచాలంటే ఒకటిన్నర అడుగుకు తగ్గని లోతు, వెడల్పు, అడుగున పెద్ద రంధ్రాలు కావాలి. లోతు లెక్క అదే. నేలలో బతికినంత కాలం కుండీలో బతకదు.

7. మొదటి రెండేళ్ళు

మొదటి ఏడాది వారానికోసారి వేర్ల దాకా దిగేలా నీళ్ళివ్వండి. రోజూ కాస్త కాస్త చిలకరిస్తే పైమట్టే తడుస్తుంది. పూలు అయిపోయాక కూడా నీళ్ళు ఆపకండి: వచ్చే ఏటి కళ్ళు దుంప మీద తయారయ్యేది వేసవిలోనే. పూలు లేవు కదా అని ఆ నెలల్లో ఎండగడితే దాని ఫలితం పై వసంతంలో కనిపిస్తుంది.

మొదటి ఏడాది మొగ్గ వస్తే తుంచేయమని చెప్తారు. మనసొప్పకపోతే ఒక్కటి ఉంచుకుని చూడండి, కొంపేమీ మునగదు. మిగతావి మాత్రం తీసేయండి. మొదటి ఏడాది ఏమీ లేకపోవడం, రెండో ఏడాది ఒకటి రెండు, మూడో ఏడాది నుంచి చెప్పుకోదగ్గ పూలు, ఇదీ మామూలు వరస. టెన్షన్ పడి మధ్యలో తవ్వి చూస్తే లెక్క మళ్ళీ ఒకటి నుంచి మొదలు.

ఎరువు విషయానికొస్తే, నత్రజని తక్కువ, భాస్వరం, పొటాష్ ఎక్కువ ఉన్నది. మూడో ఏడాది నుంచి, పిలకలు జానెడు లేచినప్పుడు ఒకసారి, పూలయ్యాక ఒకసారి, గుప్పెడు. కాడల మొదలు దగ్గర పడకుండా, మొక్కకు జానెడు దూరంలో చుట్టూ చల్లండి. పచ్చిక బయలుకు వేసే ఎరువు దీని దగ్గర పడితే ఆకులు ఏపుగా, కాడలు బలహీనంగా, పూలు సున్నా.

8. ఆధారం, మొగ్గలు, చీమలు

ముద్ద పూలు బరువు. ఒక్క వాన పడితే కాడలు నేలకు ఒరుగుతాయి. పిలకలు అరడుగు ఎత్తున్నప్పుడే రింగు పెట్టండి, అవే దానిలోంచి పైకి వస్తాయి. పడిపోయాక లేపి కట్టేస్తే గొంతు పట్టి నిలబెట్టినట్టు ఉంటుంది. వాన వెలిశాక పువ్వును మెల్లగా దులిపితే సగం బరువు దిగుతుంది.

పెద్ద పువ్వు కావాలంటే కాడ చివరి మొగ్గ ఉంచి, పక్క మొగ్గలను బఠాణీ గింజంత ఉన్నప్పుడే గిల్లేయండి. ఎక్కువ రోజులు పూయాలంటే వాటిని వదిలేయండి.

మొగ్గల మీద చీమలు కనిపిస్తే మందు కొట్టకండి. మొగ్గ బయటి ఆకుపచ్చ రేకుల అంచున తియ్యటి రసం ఊరుతుంది, చీమలు దాని కోసం వస్తాయి. వాటి వల్ల చెడు లేదు. చీమలు లేకపోతే మొగ్గ విచ్చుకోదనే మాట కూడా నిజం కాదు.

9. పూలు కోయడం

జాడీలో పెట్టడానికి పూర్తిగా విచ్చిన పువ్వు కోస్తే ఎక్కువ రోజులు ఉండదు. రంగు బయటపడిన మొగ్గను రెండు వేళ్ళ మధ్య మెల్లగా నొక్కండి. రాయిలా ఉంటే కోయకండి, ఆ మొగ్గ నీళ్ళలో విచ్చుకోదు. మెత్తగా లోపలికి వెళ్ళి, వదలగానే మళ్ళీ పైకి వస్తే అదే అదను. ముద్ద రకాలకు ఇంకొంచెం మెత్తబడే దాకా ఆగండి. తెల్లవారుజామున కోస్తే మంచిది. కాడకు కింద రెండు మూడు ఆకులైనా మొక్క మీద వదలండి. మూడేళ్ళు నిండని మొక్క నుంచి పొడవాటి కాడలు కోయొద్దు.

ఏదైనా వేడుక కోసం దాచాలంటే ఆకులు తీసేసి, మొగ్గలను పొడి కాగితంలో చుట్టి, ఫ్రిజ్‌లో పడుకోబెట్టండి. రెండు మూడు వారాలు ఆగుతాయి. అదే ఫ్రిజ్‌లో పళ్ళు లేకుండా చూసుకోండి. బయటికి తీశాక కాడ చివర మళ్ళీ కోసి గోరువెచ్చని నీళ్ళలో పెడితే తేరుకుంటాయి.

10. చలికాలానికి ముందు

హెర్బేషియస్ ఆకులు మంచుకు నల్లబడ్డాక కాడలను నేలకు అంగుళం ఎత్తున కోసేయండి. అంతకు ముందు, ఆకులు పచ్చగా ఉండగానే, చూడ్డానికి బాగోలేదని కోయకండి. దుంపలోకి ఆహారం పంపేది అవే. ఇటోకు నాలుగైదు అంగుళాల మొదళ్ళు వదలండి, ఒక్కోసారి వాటి మీద కూడా మొగ్గలుంటాయి. ట్రీ పియొనీని అసలు కోయకండి. మొత్తం నరికేసి "చచ్చిపోయిందా?" అని అడిగేవాళ్ళు ఏటా ఉంటారు. వేర్ల నుంచి మళ్ళీ రావచ్చు, కానీ పూలకు చాలా ఆగాలి.

కోసిన ఆకులు కంపోస్టులో వేయకండి, జబ్బు వాటిలోనే దాక్కుంటుంది. మూటకట్టి బయట పారేయండి. కొత్తగా నాటిన మొక్క మీద మొదటి చలికాలం ఎండుగడ్డి కప్పి, వసంతం రాగానే తీసేయండి.

పూయలేదా? ఇలా చూడండి

*మొగ్గే లేదు, ఆకులు మాత్రం బాగున్నాయి.* శరదృతువులో కాడలు కోశాక, ఒక మొదలు పక్కన మట్టిని వేళ్ళతో మెల్లగా తోయండి, పనిముట్టు వద్దు. ఎర్రటి కన్ను కనిపించగానే నేల మట్టానికి కర్ర అడ్డం పెట్టి కొలవండి. రెండు అంగుళాలు దాటితే కారణం దొరికినట్టే. కానీ వెంటనే తవ్వకండి. ఏటా పోసిన కంపోస్టు, రాలిన ఆకులు పేరుకుని లోతు పెరిగిందా చూడండి. అలాగైతే పైమట్టి తోసేస్తే చాలు. నాటినప్పుడే లోతైతే తీసి పైకి నాటాల్సిందే. లోతు సరిగ్గా ఉంటే ఎండ, నత్రజని, మొక్క వయసు, చలి, ఈ వరసలో అనుమానించండి. పక్క చెట్టు పెరిగి నీడ కమ్మడం చాలామంది గమనించరు.

*మొగ్గలు బఠాణీ గింజంత వచ్చి ఆగి, ఎండిపోయాయి.* ఆలస్యంగా పడిన మంచు, నీళ్ళ కొరత, లేదా మొక్క ఇంకా చిన్నది. వసంతంలో మంచు పడుతుందని తెలిసిన రాత్రి పాత దుప్పటి కప్పి, పొద్దున్నే తీసేయండి.

*మొగ్గలు గోధుమరంగుకు తిరిగి, మీద బూడిదరంగు బూజు; పిలకలు మొదలు దగ్గర నల్లబడి వాలిపోతున్నాయి.* ఇది బోట్రైటిస్ బూజు తెగులు. చల్లటి తడి వసంతాల్లో వస్తుంది. పాడైన భాగాన్ని ఆరోగ్యంగా ఉన్న చోటి దాకా కోసి, ప్రతి కోతకూ కత్తెరను స్పిరిట్‌తో తుడవండి. నీళ్ళు ఆకుల మీద కాకుండా మొదట్లో పోయండి. శరదృతువులో ఆకులు శుభ్రంగా తీసేస్తే సగం సమస్య రాదు.

*ఆకుల మీద ఊదా మచ్చలు, లేదా వేసవి చివర తెల్లటి పొడి.* చూడ్డానికి బాగోదు గానీ మొక్క చావదు. శుభ్రతే మందు.

*ట్రీ పియొనీకి వేరే రంగు పువ్వు వచ్చింది.* కింది అంటు దుంప పైకి పిలకలేసింది. ఆకు చూసి పట్టుకోవచ్చు: ట్రీ పియొనీ ఆకు చివర మూడుగా చీలి ఉంటుంది, దుంప నుంచి వచ్చిన పిలకల ఆకులు చీలిక లేకుండా కోలగా ఉంటాయి. అలాంటి పిలకలను మట్టి తోసి మొదలంటా తీసేయండి.

ఇంట్లో కుక్క, పిల్లి ఉంటే ఒక జాగ్రత్త: ఈ మొక్క నమిలితే వాటికి వాంతులు, విరేచనాలు కావచ్చు.

విడదీయడం

అవసరమైతేనే. పియొనీకి ఏటా విడదీయాల్సిన పని లేదు, పదిహేనేళ్ళు కదపకపోయినా ఏమీ కాదు. స్నేహితులకు ఇవ్వాలన్నా, చోటు మార్చాలన్నా శరదృతువులోనే. కాడలు కోసి, చుట్టూ వెడల్పుగా తవ్వి, మొత్తం గడ్డను ఎత్తి నీళ్ళతో కడగండి. కొన్ని గంటలు నీడలో వదిలేస్తే వేర్లు కాస్త వడలి, విరగకుండా వంగుతాయి. అప్పుడు ప్రతి ముక్కకూ మూడు నుంచి అయిదు కళ్ళు, కొన్ని మంచి వేర్లు వచ్చేలా పదునైన కత్తితో కోయండి. మరీ పొడవు వేర్లను జానెడుకు కత్తిరించొచ్చు. పాత మొక్క తీసిన గుంతలోనే కొత్త ముక్క నాటకండి, సరిగ్గా ఎదగదు. తప్పకపోతే అక్కడి మట్టి తీసేసి వేరే మట్టి నింపి, మళ్ళీ అయిదో అంకె నుంచి మొదలుపెట్టండి.